బిల్లింగ్ వెబ్‌సైట్‌ని విడి డెస్క్‌టాప్ యాప్‌లా పెట్టడం ఎలా? డైలాగ్ లేకుండా ప్రింట్, రెండు జీఎస్టీ లాగిన్లు కూడా కావాలి

కౌంటర్‌నంబర్2

మెడికల్ షాపు బిల్లింగ్ మొత్తం ఒక వెబ్‌సైట్‌లో నడుస్తోంది. కంపెనీవాళ్లు డెస్క్‌టాప్ వెర్షన్ ఇవ్వరు, క్రోమ్‌లోనే వాడుకోమంటారు. కౌంటర్ కుర్రాళ్లు బిల్లు ట్యాబ్‌ని చూసుకోకుండా మూసేస్తున్నారు, పక్క ట్యాబ్‌లో ఇంకేవో తెరుస్తున్నారు. అందుకని ఆ సైట్ ఒక్కటే సొంత ఐకాన్‌తో, అడ్రస్ బార్ లేకుండా, మామూలు సాఫ్ట్‌వేర్‌లా తెరుచుకోవాలి.

ఇంకో రెండు ఉన్నాయి. బిల్లు నొక్కగానే 80 ఎంఎం థర్మల్ ప్రింటర్ మీద నేరుగా పడాలి, ప్రతిసారీ ప్రింట్ డైలాగ్ రాకూడదు. అలాగే జీఎస్టీ పోర్టల్‌లో షాపు నంబరు, అన్నయ్య ఏజెన్సీ నంబరు ఒకేసారి తెరిచి పెట్టుకోవాలి. ఇప్పుడు రెండోది లాగిన్ అయితే మొదటిది పోతోంది.

కౌంటర్‌లో రెండు సిస్టమ్‌లు, రెండూ విండోస్ 11, ఒకదాంట్లో 4 జీబీ ర్యామ్, ఇంకోదాంట్లో 8. లోపల ఒక పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఉంది. నేటివ్‌ఫైయర్ అనేది వాడితే ఒక్క కమాండ్‌తో ఎక్స్‌ఇ ఫైల్ తయారవుతుందని చదివాను. అది వాడొచ్చా?

---

సర్వర్‌రూమ్

నేటివ్‌ఫైయర్ జోలికి వెళ్లకండి. ఆ ప్రాజెక్టుని 2023 సెప్టెంబర్‌లోనే ఆర్కైవ్ చేసేశారు, అంటే ఇక అప్‌డేట్లు రావు. అది చేసే పని ఏంటంటే, మీ సైట్ చుట్టూ ఎలక్ట్రాన్ చుట్టి ఇస్తుంది. ఎలక్ట్రాన్ అంటే లోపల ఒక పూర్తి క్రోమియం (క్రోమ్‌కి మూలం) బ్రౌజర్. మీరు ఎక్స్‌ఇ తయారుచేసిన రోజు ఏ క్రోమియం ఉందో, మీరే మళ్లీ తయారుచేసేదాకా అదే ఉండిపోతుంది. క్రోమ్ దానంతటదే అప్‌డేట్ అవుతుంది, ఈ ఎక్స్‌ఇ అవ్వదు. డబ్బు లెక్కలు, జీఎస్టీ లాగిన్లు ఉండే చోట పాత ఇంజన్ పెట్టుకోవడం తెలిసి తెలిసి తలుపు తీసి పెట్టడమే.

మీరు అడిగిన మూడూ క్రోమ్, ఎడ్జ్‌లతోనే అయిపోతాయి. కాకపోతే ఒక్కోదానికి ఒక్కో దారి. మూడింటికీ ఒకే పద్ధతి వాడబోతేనే చిక్కులు వస్తాయి.

మామూలు దారి ఇన్‌స్టాల్ చెయ్యడం. క్రోమ్‌లో సైట్ తెరిచి మూడు చుక్కల మెనూలో "క్యాస్ట్, సేవ్ అండ్ షేర్" లోపల "ఇన్‌స్టాల్ పేజ్ యాజ్ యాప్" నొక్కితే సొంత విండో, స్టార్ట్ మెనూలో సొంత ఐకాన్ వస్తాయి. ఎడ్జ్‌లో అదే పని "యాప్స్" అనే మెనూలో ఉంటుంది, కొత్త వెర్షన్లలో "మోర్ టూల్స్" లోపలికి వెళ్లింది. ఇలా ఇన్‌స్టాల్ అయిన యాప్ విడి ప్రోగ్రామ్ కాదు, అదే బ్రౌజర్‌కి ఇంకో కిటికీ. కుకీలు, పాస్‌వర్డ్‌లు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఉమ్మడి. కాబట్టి ర్యామ్ తక్కువ తింటుంది. కానీ బ్రౌజర్‌లో "క్లియర్ బ్రౌజింగ్ డేటా" కొడితే యాప్‌లో లాగిన్ కూడా పోతుంది.

ఇంకో అపోహ కూడా తీసేస్తాను. ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన నెట్ లేకుండా పనిచెయ్యదు. ఆ సౌకర్యం సైట్‌వాళ్లు సర్వీస్ వర్కర్ (పేజీని సిస్టమ్‌లో దాచి ఉంచే కోడ్) రాసి పెడితేనే ఉంటుంది. వాళ్లు రాయకపోతే నెట్ పోగానే యాప్ విండోలోనూ అదే డైనోసార్ పేజీ.

మీ జీఎస్టీ అవసరానికి ఈ మామూలు దారే సరి, ప్రొఫైళ్లు మాత్రం రెండు కావాలి. ఎడ్జ్‌లో కుడిపక్కనో ఎడమపక్కనో ఉండే ప్రొఫైల్ బొమ్మ నొక్కి కొత్త ప్రొఫైల్ చెయ్యండి, ఒకటి "షాపు", ఒకటి "ఏజెన్సీ". మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగితే అది లేకుండానే ముందుకు వెళ్లొచ్చు. రెండింట్లోనూ పోర్టల్ తెరిచి విడివిడిగా ఇన్‌స్టాల్ చేసి, షార్ట్‌కట్ పేర్లు మార్చండి. ప్రొఫైల్‌కి ఒక కుకీల డబ్బా అన్నమాట. ఇప్పుడు మీకు మొదటి లాగిన్ పోతున్నది రెండూ ఒకే డబ్బాలో పడుతున్నందుకే. రెండు కిటికీలూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఫైల్ చేసే ముందు పైన కనిపించే పేరు, జీఎస్టీఐఎన్ ఒకసారి చూసుకోవడం మీ పని.

ఏజెన్సీ ప్రైవేట్ లిమిటెడో ఎల్ఎల్‌పీనో అయితే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడతారు కదా, దానికి ఎమ్‌సైనర్ అనే సంతకం సాఫ్ట్‌వేర్ ఆ సిస్టమ్‌లోనే నడుస్తూ 127.0.0.1 (అంటే అదే సిస్టమ్) చిరునామా మీద బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. ఆ చిరునామాకి సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చినప్పుడు ఇచ్చే "అడ్వాన్స్‌డ్, ప్రొసీడ్" అనుమతి ప్రొఫైల్‌కి ఒకటి. పాత ప్రొఫైల్‌లో పనిచేసిన సంతకం కొత్త ప్రొఫైల్‌లో "ఎమ్‌సైనర్ దొరకలేదు" అన్నట్టు ఆగిపోతే ముందు చూడాల్సింది ఇదే. ప్రొప్రైటర్‌షిప్ అయితే ఈవీసీతో, అంటే ఫోన్‌కి వచ్చే ఓటీపీతో పోతుంది, ఈ గొడవే లేదు.

బిల్లింగ్‌కి మాత్రం ఈ దారి చాలదు. డైలాగ్ లేని ప్రింట్ కావాలంటే బ్రౌజర్‌ని ఒక ప్రత్యేక ఫ్లాగ్‌తో, అంటే తెరిచేటప్పుడు ఇచ్చే అదనపు ఆదేశంతో మొదలుపెట్టాలి. ఆ ఫ్లాగ్ ఒక్క కిటికీకి పట్టదు, ఆ బ్రౌజర్ ప్రాసెస్ మొత్తానికి పడుతుంది. అందుకని బిల్లింగ్‌కి సొంత డేటా ఫోల్డర్‌తో వేరే క్రోమ్ నడవాలి. ఎలాగో చెబుతాను. (ఫ్లాగులు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.)

డెస్క్‌టాప్ మీద ఉన్న క్రోమ్ షార్ట్‌కట్‌కి కాపీ తీసి, దాని ప్రాపర్టీస్‌లో "టార్గెట్" గడి తెరవండి. క్రోమ్.ఇఎక్స్‌ఇ తర్వాత కొటేషన్ గుర్తు ముగుస్తుంది చూడండి, దాని తర్వాత ఒక ఖాళీ వదిలి వరసగా ఇవి:

--యాప్= తర్వాత బిల్లింగ్ సైట్ పూర్తి చిరునామా, హెచ్‌టీటీపీఎస్‌తో సహా
--యూజర్-డేటా-డిర్= తర్వాత ఒక కొత్త ఫోల్డర్ దారి, ఉదాహరణకి సి డ్రైవ్‌లో బిల్లింగ్ అనే ఫోల్డర్
--నో-ఫస్ట్-రన్
--కియోస్క్-ప్రింటింగ్

ఒక్కో ఫ్లాగ్ మధ్య ఒక ఖాళీ. ఫ్లాగులు కొటేషన్ లోపల పడితే "టార్గెట్ బాక్స్‌లో పేరు చెల్లదు" అని విండోస్ తిప్పికొడుతుంది. ఫోల్డర్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల పెట్టకండి, మామూలు యూజర్‌కి అక్కడ రాసే అనుమతి ఉండదు.

కానీ చివరి ఫ్లాగ్ మొదటిరోజే పెట్టకండి. అది లేకుండా తెరిచి, లాగిన్ అయ్యి, ఒక బిల్లు మామూలుగా డైలాగ్‌తో ప్రింట్ తీయండి. అక్కడ థర్మల్ ప్రింటర్ ఎంచుకుని, పేపర్ సైజు 80 ఎంఎం, మార్జిన్స్ "నన్", "హెడర్స్ అండ్ ఫుటర్స్" టిక్ తీసెయ్యండి. కియోస్క్ ప్రింటింగ్ చేసేది కొత్త మాయేం కాదు, అదే ప్రివ్యూని తెరిచి "ప్రింట్" బటన్ తనే నొక్కుతుంది. చివరిసారి మీరు పెట్టిన ప్రింటరూ సెట్టింగులే తీసుకుంటుంది. ఇది చెయ్యకుండా నేరుగా ఫ్లాగ్ పెడితే బిల్లులు లోపలి గదిలో ఏ4 ప్రింటర్ మీద పడుతుంటాయి, లేదా పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యమని అడుగుతుంటాయి.

---

కోడ్‌కూలీ

నేటివ్‌ఫైయర్ వద్దన్నంత మాత్రాన ఎలక్ట్రానే చెడ్డది అనుకోకండి బ్రో. ఒక జావాస్క్రిప్ట్ ఫైల్ సొంతంగా రాసుకుంటే ఎలక్ట్రాన్‌లో ప్రింటింగ్ చాలా శుభ్రంగా వస్తుంది. ప్రింట్ ఫంక్షన్‌కి సైలెంట్ అనే ఆప్షన్, డివైస్ నేమ్ అనే ఆప్షన్ ఉన్నాయి. ప్రింటర్ పేరు కోడ్‌లోనే రాసేస్తే ఎవరు ఏ డిఫాల్ట్ మార్చినా బిల్లు అక్కడికే పోతుంది. రెండు జీఎస్టీ లాగిన్లకి రెండు సెషన్ పార్టిషన్లు (విడి కుకీల డబ్బాలు), పేరు ముందు "పర్సిస్ట్" అని పెట్టడం మర్చిపోతే యాప్ మూయగానే లాగిన్ పోతుంది, అంతే తేడా.

రాసేవాళ్లకి ఒక హెచ్చరిక. నోడ్ ఇంటిగ్రేషన్ (సైట్‌కి మీ ఫైళ్ల దాకా దారి ఇచ్చే సెట్టింగు) ఎలాగూ డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యకండి. కానీ కెమెరా, మైక్, లొకేషన్ లాంటి అనుమతులు సైట్ అడగ్గానే ఎలక్ట్రాన్ డిఫాల్ట్‌గా ఇచ్చేస్తుంది. క్రోమ్‌లోలా పైన ప్రశ్న రాదు. పర్మిషన్ రిక్వెస్ట్ హ్యాండ్లర్ మీరే రాసి, కావలసినవి తప్ప అన్నీ కాదనాలి. కొత్త విండోలు తెరుచుకునే చోట కూడా హ్యాండ్లర్ పెట్టి, మీ డొమైన్ కాని లింకుల్ని మామూలు బ్రౌజర్‌కి పంపెయ్యాలి.

సైజు ఎక్కువ అనిపిస్తే టారీ, లేదా దాని మీద కట్టిన పేక్ చూడండి. ఇవి సొంత బ్రౌజర్ మొయ్యవు, సిస్టమ్‌లో ఉండే ఇంజన్‌నే, అంటే విండోస్‌లో వెబ్‌వ్యూ2ని, లినక్స్‌లో వెబ్‌కిట్ జీటీకేని వాడుకుంటాయి. ఎక్స్‌ఇ కొద్ది ఎంబీల్లోనే వస్తుంది. వెబ్‌వ్యూ2 విండోస్ 11లో ముందే ఉంటుంది, దాని అప్‌డేట్లు కూడా అదే చూసుకుంటుంది.

---

సర్వర్‌రూమ్

కోడ్‌కూలీ గారు చెప్పినదాంట్లో డివైస్ నేమ్ సంగతి నిజమే, కియోస్క్ ఫ్లాగ్‌కి లేని సౌకర్యం అది. కానీ ఈ షాపు విషయంలో తూకం అటు మొగ్గదు.

ఎలక్ట్రాన్ కొత్త మేజర్ వెర్షన్ ఎనిమిది వారాలకి ఒకటి వస్తుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు చివరి మూడు మేజర్ వెర్షన్లకే ఇస్తారు. అంటే ఏడాదికి కనీసం రెండు మూడుసార్లు ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ బిల్డ్ చేసి రెండు కౌంటర్లలోనూ పెట్టాలి. మెడికల్ షాపులో ఆ మనిషి ఎవరు? సంతకం లేని ఎక్స్‌ఇ కాబట్టి స్మార్ట్‌స్క్రీన్ "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని ఆపడం అదనం.

ఎమ్‌సైనర్ దగ్గర కూడా ఎలక్ట్రాన్ తిప్పలు పెడుతుంది. సర్టిఫికెట్ నచ్చకపోతే క్రోమ్ హెచ్చరిక పేజీ చూపించి "ప్రొసీడ్" ఇస్తుంది. ఎలక్ట్రాన్‌లో ఆ పేజీయే లేదు, కనెక్షన్ నిశ్శబ్దంగా తెగిపోతుంది. దాన్ని దాటడానికి కొందరు సర్టిఫికెట్ తనిఖీని మొత్తంగా ఆపేసే ఫ్లాగ్ పెడతారు. అది మాత్రం ఎప్పటికీ చెయ్యొద్దు.

బిల్లింగ్ సైట్‌లో "గూగుల్‌తో సైన్ ఇన్" ఉంటే ఎలక్ట్రాన్, టారీ రెండింటికీ అక్కడే దారి మూసుకుపోతుంది. ఎంబెడ్ చేసిన బ్రౌజర్ల నుంచి వచ్చే లాగిన్లని "ఈ బ్రౌజర్ లేదా యాప్ సురక్షితం కాకపోవచ్చు" అని గూగుల్ తిప్పి పంపిస్తుంది.

ర్యామ్ లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకే డేటా ఫోల్డర్‌లో ఎన్ని ప్రొఫైళ్లు ఉన్నా ప్రధాన ప్రాసెస్ ఒకటే, జీపీయూ ప్రాసెస్ ఒకటే. డేటా ఫోల్డర్ వేరైతే అవన్నీ ఇంకో సెట్. ఎలక్ట్రాన్ యాప్ కూడా ఇంకో సెట్టే, పైగా డిస్కులో 200 ఎంబీ పైన. 4 జీబీ సిస్టమ్‌లో బిల్లింగ్ క్రోమ్ ఒక్కటే ఉంచండి. రెండు జీఎస్టీ కిటికీలు 8 జీబీ దానిలో పెట్టుకోండి. అనుమానం ఉంటే బ్రౌజర్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, ఏ కిటికీ ఎంత తింటోందో కనిపిస్తుంది.

కుర్రాళ్ల సంగతి. యాప్ కిటికీలో అడ్రస్ బార్ లేనంత మాత్రాన దారులు మూసుకుపోవు, కంట్రోల్ ఎన్ కొడితే మామూలు క్రోమ్ కిటికీ వస్తుంది. నిజంగా ఆపాలంటే పాలసీ (బ్రౌజర్ మీద అడ్మిన్ పెట్టే కట్టడి) పెట్టాలి. అడ్మినిస్ట్రేటర్‌గా రిజిస్ట్రీలో లోకల్ మెషిన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దాకా వెళ్లి యూఆర్ఎల్‌బ్లాక్‌లిస్ట్ అని ఒక కీ, యూఆర్ఎల్‌అలౌలిస్ట్ అని ఇంకో కీ చెయ్యండి. కీ పేర్లు ఖాళీ లేకుండా ఒకే పదంగా ఉండాలి. వాటిలో విలువలు స్ట్రింగ్ రకం, పేర్లు 1, 2, 3. బ్లాక్ దానిలో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ రెండింటికీ ఒక్కో వరస, స్లాష్‌ల తర్వాత నక్షత్రం గుర్తు. ఉత్త నక్షత్రం ఒక్కటే పెట్టకండి, క్రోమ్ సొంత లోపలి పేజీలు కూడా ఇరుక్కునే వీలుంది. అలౌ దానిలో బిల్లింగ్ డొమైన్, బిల్లింగ్ నుంచి తెరుచుకునే పేమెంట్ గేట్‌వే డొమైన్. అడ్రస్ బార్ ఉన్న క్రోమ్‌లో "క్రోమ్ కోలన్ రెండు స్లాష్‌లు పాలసీ" తెరిస్తే పట్టిందో లేదో కనిపిస్తుంది.

ఇది ఆ సిస్టమ్‌లోని క్రోమ్ మొత్తానికి పడుతుంది, డేటా ఫోల్డర్ వేరైనా తప్పించుకోదు. జీఎస్టీని ఎడ్జ్‌లో పెట్టమన్నది అందుకే. 4 జీబీ కౌంటర్‌లో ఎడ్జ్ కూడా కట్టడి చెయ్యాలంటే గూగుల్, క్రోమ్ బదులు మైక్రోసాఫ్ట్, ఎడ్జ్ కింద అవే కీలు.

---

పుదీనా_లినక్స్

మింట్ ల్యాప్‌టాప్‌కి అసలు కమాండ్లే అక్కర్లేదు. మెనూలో "వెబ్ యాప్స్" అని వెతకండి, మింట్ 20.1 నుంచి అందులోనే వస్తోంది. ప్లస్ నొక్కి పేరు, చిరునామా, ఐకాన్, ఏ బ్రౌజర్ అన్నవి ఇవ్వాలి. క్రోమియం లేదా క్రోమ్ ఎంచుకుంటే కింద "ఐసోలేటెడ్ ప్రొఫైల్" అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే కుకీలు విడి. పోర్టల్‌ని రెండు పేర్లతో రెండుసార్లు చేర్చి రెండింటికీ ఆ స్విచ్ ఆన్‌లో ఉంచితే మీ రెండు నంబర్ల సమస్య అక్కడ కూడా తీరుతుంది. "కస్టమ్ పారామీటర్స్" గడిలో కియోస్క్ ప్రింటింగ్ ఫ్లాగ్ పెట్టుకోవచ్చు, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

బ్రౌజర్‌ని ఫ్లాట్‌పాక్‌గా (మిగతా సిస్టమ్‌కి దూరంగా నడిచే ప్యాకేజీగా) వేసుకుంటే మాత్రం బ్రౌజర్ మెనూలోంచి ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ల ఐకాన్లు మెనూలో కనపడకపోవచ్చు. హోమ్‌లో డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్‌లో రాసే అనుమతి దానికి లేకపోవడమే కారణం. ఫ్లాట్‌పాక్ అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్ అనే యాప్‌లో ఆ ఫోల్డరుకీ, పక్కనే ఉన్న ఐకాన్స్ ఫోల్డరుకీ అనుమతి ఇచ్చి, యాప్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాలి.

టారీని లినక్స్‌లో బిల్లింగ్‌కి నేను సిఫారసు చెయ్యను. వెబ్‌కిట్ జీటీకేలో వీడియో కాల్స్ లాంటివి చాలా డిస్ట్రోల్లో పనిచెయ్యవు. మామూలు పేజీలు బాగానే వస్తాయి కానీ, సైట్‌వాళ్లు క్రోమ్‌లో తప్ప పరీక్షించని సాఫ్ట్‌వేర్‌ని వేరే ఇంజన్‌లో నడిపి, తేడా వస్తే ఎవర్ని అడుగుతాం?

---

కౌంటర్‌నంబర్2

అందరికీ థాంక్స్ అండి. ఎడ్జ్ ప్రొఫైళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. 4 జీబీ సిస్టమ్‌లో ప్రింట్ కూడా నేరుగా పడుతోంది. రెండోదాంట్లో మాత్రం టాస్క్‌బార్ ఐకాన్ నుంచి తెరిస్తే డైలాగ్ మళ్లీ వస్తోంది, డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి తెరిస్తే ఒక్కోసారి రాదు, ఒక్కోసారి వస్తుంది. ఇంకోటి, కస్టమర్ పేర్లు తెలుగులో కొట్టే ఎక్స్‌టెన్షన్ ఈ బిల్లింగ్ విండోలో కనపడట్లేదు. రిటర్న్ బిల్లులు అయితే పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ అవుతున్నాయి, అవి ప్రింట్ అవ్వట్లేదు.

---

సర్వర్‌రూమ్

టాస్క్‌బార్‌ది: నడుస్తున్న కిటికీ మీద రైట్ క్లిక్ చేసి పిన్ చేసుంటారు. అలా చేస్తే క్రోమ్ తనకి తెలిసిన చిరునామా, ఫోల్డర్ మాత్రమే పిన్‌లో రాసుకుంటుంది, ప్రింటింగ్ ఫ్లాగ్ అందులో ఉండదు. అన్‌పిన్ చేసి, కిటికీ మూసేసి, మీరు తయారుచేసిన షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి "పిన్ టు టాస్క్‌బార్" ఇవ్వండి.

ఒక్కోసారి రావడం, రాకపోవడం దాని కొనసాగింపే. ఆ డేటా ఫోల్డర్‌తో క్రోమ్ ముందే ఒకటి నడుస్తుంటే, కొత్తగా ఇచ్చిన ఫ్లాగుల్ని పట్టించుకోకుండా పాతదానికే కిటికీ తెరవమని చెప్పి తప్పుకుంటుంది. పాత పిన్ నుంచి మొదలైన క్రోమ్ ఫ్లాగ్ లేకుండా నడుస్తున్నంతసేపు, డెస్క్‌టాప్ ఐకాన్ నొక్కినా ఫలితం ఉండదు. కిటికీ మూసినా వెనకాల ప్రాసెస్ మిగిలిపోవచ్చు. బిల్లింగ్ క్రోమ్ సెట్టింగ్స్‌లో "సిస్టమ్" లోపల "కంటిన్యూ రన్నింగ్ బ్యాక్‌గ్రౌండ్ యాప్స్" ఆఫ్ చెయ్యండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో మిగిలిన క్రోమ్ ప్రాసెస్‌లు అన్నీ ముగించి ఒకసారి తెరవండి.

అక్కడితో ఆగకుండా విండోస్ సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ పేజీకి వెళ్లి "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" కూడా ఆఫ్ చెయ్యండి. అది ఆన్‌లో ఉంటే చివరిసారి ఏ ప్రింటర్ వాడితే అది డిఫాల్ట్ అయి కూర్చుంటుంది. థర్మల్‌ని మీరే డిఫాల్ట్ చేసి, షార్ట్‌కట్‌లో --యూజ్-సిస్టమ్-డిఫాల్ట్-ప్రింటర్ అని ఇంకో ఫ్లాగ్ చేర్చండి. అప్పుడు చివరిసారి వాడిన ప్రింటర్ కాకుండా విండోస్ డిఫాల్ట్ తీసుకుంటుంది. కోడ్‌కూలీ గారి డివైస్ నేమ్‌కి ఇది దగ్గరి ప్రత్యామ్నాయం.

ఎక్స్‌టెన్షన్ లేకపోవడానికి కారణం డేటా ఫోల్డర్ కొత్తది కావడమే. అదే షార్ట్‌కట్‌కి కాపీ తీసి, అందులో --యాప్ ముక్క తీసేసి తెరిస్తే, ట్యాబ్‌లతో మామూలు క్రోమ్ అదే ఫోల్డర్‌తో వస్తుంది. అక్కడ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే బిల్లింగ్ కిటికీలోనూ పనిచేస్తుంది. మీరు బ్లాక్ పాలసీ పెట్టేసి ఉంటే ముందు క్రోమ్ వెబ్ స్టోర్ డొమైన్ అలౌలో చేర్చి, పని అయ్యాక తీసెయ్యండి. అసలు ఎక్స్‌టెన్షన్ బదులు విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ చేర్చుకోవడం మేలు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, తెలుగు, కీబోర్డ్స్. అది ఏ యాప్‌లోనైనా పనిచేస్తుంది, రేపు బ్రౌజర్ మార్చినా సరే. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

రిటర్న్ బిల్లులకి ఈ వైపు నుంచి మార్గం లేదు. పేజీ తనంతట తాను ప్రింట్ అడిగినప్పుడే కియోస్క్ ఫ్లాగ్ పనిచేస్తుంది. సైట్ ఫైల్‌ని డౌన్‌లోడ్‌గా పంపిస్తే బ్రౌజర్‌కి అది ప్రింట్ పని అని తెలియదు. చాలా బిల్లింగ్ సైట్లలో ప్రింట్ సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్ రకానికి ఒకటిగా "పీడీఎఫ్" లేదా "డైరెక్ట్ ప్రింట్" అని ఉంటుంది, సేల్ బిల్లుకి మార్చి రిటర్న్‌కి వదిలేసుంటారు, చూడండి. లేకపోతే కంపెనీవాళ్లకి టికెట్ పెట్టాలి. టికెట్‌లో "రిటర్న్ బిల్లు కూడా సేల్ బిల్లులాగే హెచ్‌టీఎంఎల్ పేజీగా తెరిచి విండో ప్రింట్ పిలవండి" అని రాయండి, ఏం కావాలో వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

---

కోడ్‌కూలీ

పేపర్ కట్ అవ్వకపోయినా, డ్రాయర్ తెరుచుకోకపోయినా సైట్‌వాళ్లని అడగొద్దు బ్రో. బ్రౌజర్ ప్రింట్‌లో కట్టర్ కమాండ్ పంపే వీలు లేదు, అది ప్రింటర్ డ్రైవర్ పని. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో "డాక్యుమెంట్ ఎండ్‌లో కట్", "క్యాష్ డ్రాయర్" అనేవి వెతికి ఆన్ చెయ్. పక్కనే పేపర్ పొడవు 297 అనో 3276 అనో ఉంటుంది. బిల్లు చివర జానెడు తెల్ల కాయితం వస్తుంటే ఆ పొడవు తగ్గించి చూడు.